నవ్వకూడని ఫోటో

1986 జనవరి 11, శనివారం
ఫోటోలన్నీ తిరిగొచ్చాయి. మద్రాసు మిషను ఆఫీసువాళ్ళు చీటీ కూడా పెట్టారు — పిల్లలు కలిగినవాళ్ళలా ఉన్నారట, ఇవి చూపిస్తే విదేశాల్లో వీళ్ళ చదువుకు డబ్బిచ్చే ఒక్క దాత కూడా ముందుకు రాడట. ఉన్నది ఉన్నట్టు తీయించి పంపాలట.
ఉన్నది ఉన్నట్టట! ఫోటో అంటే ఎవరైనా ఏం చేస్తారు? తలకు నూనె రాసి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, పౌడరు అద్ది, క్రిస్మస్ గౌన్లు తొడిగి నిలబెట్టాను. హాస్టలు పిల్లలందరికీ, వార్డెన్ని కదా, నా చేత్తోనే. రూతు అయితే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. ఇప్పుడు అదే తప్పయింది.

జనవరి 13
దాత దొరకని పిల్లను వేసవి సెలవుల తర్వాత మళ్ళీ చేర్చుకోవద్దని ఆర్డరు. మిగతావాళ్ళకు ఇంటి దగ్గర ఎవరో ఒకరున్నారు... రూతుకు తండ్రి లేడు. తల్లి మార్తమ్మ మిరపకోతల కూలి. హాస్టలు పోతే ఈ పిల్లా ఆ చేలోకే. మూడో తరగతిలో లెక్కలన్నీ నోటితో చెప్పేస్తుంది.

జనవరి 18, శనివారం
పిడుగురాళ్ళ నుంచి ఫోటోగ్రాఫరు బాషాను మళ్ళీ పిలిపించాను. "ఏందమ్మగారూ, నేను తీసింది బాగాలేదా?" — మొహం చిన్నబుచ్చుకున్నాడు, పాపం. బాగుండటమే తంటా అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకు మాత్రం అయిందా?
మిగతావాళ్ళవి అయ్యాయి. చివర రూతు. జడలు విప్పాను. తుడుపుగుడ్డలకని పక్కన పడేసిన చిరుగుల గౌను తొడిగాను. నవ్వకు అన్నాను. "ఎందుకమ్మగారూ?" ఊరికే.
ఫోటో తీయడం, గేటులో మార్తమ్మ — రెండూ ఒకేసారి. బిడ్డను చూడ్డానికి వచ్చింది, కొంగులో వేరుశనక్కాయలు. అరుగు మీద కూర్చుంది, పిల్లను మోకాళ్ళ మధ్యకు లాక్కుంది, వేళ్ళతోనే చిక్కు తీసి జడ వేసింది. అప్పుడు అంది — "కూడు పెట్టలేక పంపానమ్మా. అడుక్కోవటానికి పంపలా."
పిల్లను ఇంటికి తీసుకుపోయింది. ఏ మొహం పెట్టుకుని ఆపను?

జనవరి 19
చర్చిలో ప్రసంగం ఒక్క ముక్కా తలకెక్కలేదు.

జనవరి 27
రూతు ఫోటో కూడా పంపేశాను. పిల్ల లేకుండా ఫోటో పంపడమేమిటి? తిరిగొస్తుందని ఆశ... కాదు, మొండితనం. రెండూనేమో.

ఫిబ్రవరి 15
పిల్లలు ఫోటో ఆట ఆడుతున్నారు. జుట్టు రేపుకుని, మూతులు వేలాడేసుకుని — "ఒసే, నవ్వితే నీకు దొరసాని రాదు!" గదమాయించాను, కర్ర కూడా ఎత్తాను. వాళ్ళేం చేశారని?

మార్చి 20
రూతుకు దాత దొరికింది. ఎవరో పెద్దావిడ, ఫోటో చూసి కన్నీళ్ళు పెట్టుకుందట. పదో తరగతి దాకా చదివిస్తుందట. మంచి మనిషే, ఆవిణ్ణి ఏమనగలను? సంతోషించాలి. అన్నం సయించలేదు.

మార్చి 22, శనివారం
మార్తమ్మ దగ్గరికి వెళ్ళాను. కళ్ళం నిండా మిరపకాయలు, ఒకటే ఘాటు. రూతు తల్లి పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. మంట తట్టుకోలేక మాటిమాటికీ చేతులు ముంతనీళ్ళలో పెడుతోంది. నన్ను చూసి లేచింది, తల్లిని చూసి మళ్ళీ కూర్చుంది.
సంగతి చెప్పాను. మార్తమ్మ ఒక్కటే అడిగింది — "ఏ ఫోటో సూసి ఇచ్చారమ్మా?"
తుమ్ము వచ్చింది. ఆ కాస్త వ్యవధి చాలింది.
మొదటిదే, అన్నాను. నవ్వుతున్నది.
ఎంత పొంగిపోయిందో! కూలీలందరికీ కేకేసి చెప్పింది — "నా బిడ్డ నవ్వు సూసి ఇచ్చారంట!" అప్పటికప్పుడు మూట కట్టి పంపింది. దారి పొడుగునా రూతు నా చెయ్యి వదల్లేదు. బాధగా ఉంది, పిల్ల దక్కిందని నిబ్బరంగానూ ఉంది.

మార్చి 25
రూతు మళ్ళీ ముందు వరసలో. లెక్కల్లో ఏమీ మరిచిపోలేదు.

ఏప్రిల్ 4
దొరసాని ఉత్తరం వచ్చింది. తెలుగులో చదివి వినిపించమని రూతు వెంటపడింది. నీ ఏడుపు మొహం నా కళ్ళముందు నుంచి పోవడం లేదు తల్లీ — అని ఉంది. దాటేయాల్సింది. నోటికి అడ్డు లేదు, చదివేశాను.
"నేను ఏడవలేదుగా అమ్మగారూ?"
ఏ ఫోటో వెళ్ళిందో పిల్లకు తెలిసిపోయింది.

ఏప్రిల్ 5
మార్తమ్మ కబురు పంపింది. రేపు ఆరాధనలో సాక్ష్యం చెబుతుందట — దేవుడు తన బిడ్డ నవ్వును సముద్రాల అవతల చూపించాడని. సంఘమంతటి ముందు, దేవుని సన్నిధిలో. నా అబద్ధాన్ని, పాపం, ఆమె తెలియక మోస్తుంది. ఈపూటే వెళ్ళి చెప్పేయాలి. చెబితే పిల్లను తీసుకుపోతుంది...
వెళ్ళలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం
మొదటి గంట అయింది. మార్తమ్మ అప్పుడే వచ్చేసింది, ఉతికిన చీరలో, అందరినీ పలకరిస్తూ. రూతు నా గది గుమ్మంలో నిలబడింది.
"అమ్మ చెప్పాక, నన్నూ అవునని చెప్పమంది. చెప్పనా అమ్మగారూ?"
రెండో గంట కొడుతున్నారు. ఇంకా అక్కడే ఉంది.