పేతురు ఇంట్లో ఆ పూట

అక్కా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఇవాళ్టికి ఏడాది. మన అరుగు మీద లేసు అల్లే ఆడవాళ్ళకి ఈ మధ్యాహ్నం నీ బదులు నేనే బైబిలు కథ చెప్పాను. రాత్రంతా వల వేసినా పేతురుకి ఒక్క చేపా పడని కథ. పొల్లు పోకుండా, వాక్యంలో ఉన్నది ఉన్నట్టే చెప్పాను. నీ కథలకి ఆగిపోయే లేసు సూదులు నా కథకి ఒక్కటీ ఆగలేదు.

చివర్లో రత్నం తలెత్తింది. వాళ్ళాయన వారం నుంచీ ఖాళీ వలతోనే ఇంటికొస్తున్నాడు.

"ఆ పూట పేతురుగారి భార్య ఏం వండిందండీ? అక్కగారైతే అది చెప్పేవారు."

అలా చెప్పినందుకే నీతో పోట్లాడేదాన్ని. అది బైబిల్లో ఎక్కడుందో చూపించమనేదాన్ని. "మన వంటింట్లోకి రాని దేవుడు మనకెందుకే?" అనేదానివి.

రత్నం ఆ మాట అడగగానే సూదులన్నీ ఆగాయి. అందరూ నా వైపే చూశారు.

పదిహేనేళ్ళు నీ పక్కనే కూర్చుని విన్నాను, అక్కా. తప్పులు పట్టడానికే విన్నాను. పేతురు భార్య చేత నువ్వేం వండించేదానివో నాకు గుర్తు లేదు.