కాలువ లేని చెరువులు

ఒమాన్, రొయ్యల ఫారం నుంచి

అన్నయ్యకి నమస్కారం.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మామ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నా గురించి దిగులు పెట్టుకోవద్దని చెప్పు. వేళకి తింటున్నాను, నిజంగానే.

ఇక్కడి ఎండ సంగతి చెప్తే వదిన నమ్మదు. పొద్దున్నే తలుపు గొళ్ళెం ముట్టుకున్నా చెయ్యి చుర్రుమంటుంది. రోజంతా రొయ్యల మధ్యే పని, కాని ఒక్క రొయ్య తినాలంటే బజారుకెళ్ళి కొనుక్కోవాలి. మొన్న కొని తెస్తే, నా గదిలో ఉండే కేరళ అమ్మాయి కొబ్బరినూనె పోసి వండేసింది. ఏం చేస్తాను, తిన్నాను. మన వైపు వాళ్ళెవరైనా వస్తుంటే ఎండబెట్టిన చింతచిగురు కాస్త ఇచ్చి పంపమని వదినతో చెప్పు.

పోయిన శుక్రవారం ఫోనులో నువ్వన్న మాట నా చెవిలోనే ఉంది. "చిన్న చెరువు లీజుకి అడుగుతున్నారమ్మా. సఖినేటిపల్లి వాళ్ళు, మంచోళ్ళే. నువ్వొస్తానంటే ఉంచుతాను, రానంటే ఇచ్చేస్తాను. ఏదో ఒకటి చెప్పెయ్యి" అన్నావు. వెనక నుంచి వదిన, "పాపం, ఆలోచించుకోనివ్వండి" అంది. "ఆయ్, చెప్తాను" అని పెట్టేశాను. నీ గొంతు వినపడకుండా అయితే చెప్పగలనేమోనని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

రెండేళ్ళు పని నేర్చుకుని వచ్చి, ఆ చెరువులో రొయ్యపిల్లని పెంచే నర్సరీ పెడతానని నేనే చెప్పి వచ్చాను. నా మాట మీద నువ్వు దాన్ని పంట వెయ్యకుండా ఎండబెట్టి ఉంచావు. అది తలుచుకుంటేనే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఈ మధ్య నన్ను ల్యాబు నుంచి తీసి కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. గణాంకాల కోసం ఆర్ అని ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఫారం చెరువుల లెక్కలన్నీ అందులోకి ఎక్కించడం ఇప్పుడు నా పని. ముందు చెరువంటే ఏమిటో దానికి మనం చెప్పాలి. ఆ చెప్పడాన్ని క్లాసు కట్టడం అంటారు. ఆ క్లాసు ప్రకారం తయారైన ఒక్కో చెరువు ఒక్కో ఆబ్జెక్టు. ఇందులో ఒక వదులు పద్ధతి ఉంది. దేనిమీదైనా చెరువని చీటీ అంటిస్తే చాలు, నమ్మేస్తుంది. నా చెప్పుల సైజు మీద అంటించి చూశాను. చెరువే అంది. అందుకని గట్టి పద్ధతిలో కట్టాను. వైశాల్యానికి, లోతుకి, రొయ్యపిల్లని వదిలిన తేదీకి, నీళ్ళ ఉప్పదనానికి వేరు వేరు గడులు పెట్టాను. నీళ్ళు ఏ కాలువ నుంచి వస్తాయో రాసే గడి ఒకటి పెట్టి, అది ఖాళీగా ఉంటే చెరువుగా ఒప్పుకోవద్దని నిబంధన కూడా రాశాను. ఆలోచించి రాసింది కాదు, చెయ్యి దానంతట అదే రాసింది. సరిచూడడానికి మన చిన్న చెరువునే మొదటి ఆబ్జెక్టుగా చేసి, పడమటి కాలువ అని రాశాను. చక్కగా ఒప్పుకుంది.

ఇక్కడివి ఎక్కించేసరికి ఒక్కటీ ఒప్పుకోలేదు. వరసగా ఎర్రక్షరాలే. ఇక్కడ చెరువులంటే నల్ల ప్లాస్టిక్ పరిచిన తొట్లు, నీళ్ళు గొట్టంలో వస్తాయి. కాలువన్నది ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. మా మేనేజరు ఈజిప్టు ఆయన, నెమ్మదస్తుడు. కాసేపు తెరకేసి చూసి, "కాలువ మీ ఊళ్ళో ఉంటుందమ్మా, ఇక్కడ లేదు కదా, తీసెయ్యండి" అన్నారు. నవ్వలేదు ఆయన. నవ్వితే బాగుండేది.

నిబంధన తీసేశాను, కాలువ గడీ తీసేశాను. మళ్ళీ నడిపితే తొట్లన్నీ చెరువులైపోయాయి. మన చెరువు ఒక్కటే ఆగిపోయింది. ఈ క్లాసులో కాలువ అనే గడే లేదంది. ఆ కాలువ పేరు చెరిపేస్తే మనదీ లోపలికి వచ్చేది. నాకు చెయ్యి రాలేదు. కాలువ లేకుండా అది మన చెరువు ఎలా అవుతుంది అన్నయ్యా? మన చెరువు గురించి రాసిన వరసే మొత్తం తీసేశాను. తీసేసి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

నన్ను ఇంకో మూడేళ్ళు ఉండమంటున్నారు. ఆదివారం సంతకం పెడతాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇక్కడి పని నాకు నచ్చింది, నా బాధల్లా అదే. మీ అందర్నీ చూడాలని రోజూ అనుకుంటాను. కాని గట్టు మీద నిలబడి మేత వెయ్యాలని అనుకోవడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. తెలిసుంటే అప్పుడే చెప్పేదాన్ని, నీకు ఆ పంటలైనా దక్కేవి.

చెరువు వాళ్ళకి ఇచ్చెయ్యి అన్నయ్యా. నా కోసం ఉంచకు. కోపమొస్తే తిట్టు, వదిన ఎదురుగా తిట్టు, ఆవిడ నా తరఫున మాట్లాడుతుంది. మాట్లాడడం మాత్రం మానెయ్యకు.

మామ్మకి, పెదనాన్నగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. ఇలాంటి కబురు రాసి దీవించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా నువ్వు కాకపోతే ఎవర్ని అడుగుతాను.

నీ చెల్లెలు
సుజాత