పత్యం పక్కన పెట్టాను

ఫాయిజా తల్లీ, నీకూ పిల్లలకూ దువా.

నోటి కేన్సర్‌కు ఆసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెడుతున్నారు కదా, నోరంతా పుండ్లు. ఫోన్లో మాట్లాడలేక కార్డు రాస్తున్నాను. నిన్న పులివెందుల నుంచి మీ మేనత్త పత్యమని మిరియాల చారన్నం తెచ్చింది. ఒక్క గుటకకే నోరు భగ్గుమంది.

"గుడ్లు తినాకురా, పుండ్లు చీము పడతాయి" అంది.

నర్సమ్మ కేకలేసింది: "పత్యం యాడిదమ్మా? ఈయప్ప చిక్కిపోతే కరెంటు ఆపాల్సొస్తాది. గుడ్లే పెట్టండి."

అక్క చూస్తుండగానే నెయ్యన్నంలో గుడ్డు పిసికించుకుని, కళ్ల నీళ్లు కారుతున్నా గిన్నె ఖాళీ చేశాను.

మెత్తగా జల్లించిన రాగిపిండి పంపు. మన పెళ్లి వంటల పొయ్యిలు, పెద్ద డేగిసాలు ఎవరికీ ఇవ్వలేదు కదా? ప్రొద్దుటూరు షాదీఖానాలో పెళ్లి బిర్యానీ నేనే వండుతానని ఆ పెళ్లివాళ్లకు చెప్పు. నాలుకకు రుచి తెలియకపోతేనేం? రుచి నువ్వు చూడు. ఉప్పెంత వేయాలో నా చేతికి తెలుసు.

మీ అబ్బా, గఫార్