మేజోళ్ళలో అరవై డాలర్లు

కెంటకీ
1987 మార్చి 9

ప్రియమైన డెల్మర్,

విడాకులై మూడేళ్ళయినా ఉత్తరం మొదలుపెడితే చెయ్యి ఈ మాటే రాస్తోంది. నవ్వుకో, పర్లేదు.

నీకు కోర్టు నుంచి ఒక కాగితం వస్తుంది. నేను నీ మీద దావా వేసినట్టు ఉంటుంది. వేసింది నేను కాదు, కెంటకీ రాష్ట్రం. గని మూతపడి నువ్వు ఆరెగాన్ వెళ్ళాక టెస్సీకి న్యుమోనియా వచ్చింది కదా, అప్పుడు సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి సహాయం అడిగాను. నెలనెలా చెక్కు ఇవ్వాలంటే తండ్రి పేరు చెప్పాలన్నారు. పిల్ల కోసం తండ్రి కట్టాల్సింది ఇకమీదట రాష్ట్రానికే చెందుతుందని సంతకం పెట్టించుకున్నారు. నువ్వు రెండేళ్ళుగా ఒక్క డాలరూ కట్టలేదని, నెలనెలా కట్టమన్న ఇక్కడి కోర్టు ఉత్తర్వును ఇప్పుడు అక్కడి జడ్జికి పంపారు.

వాయిదాకు వెళ్ళు. వెళ్ళకపోతే పోలీసులు నువ్వు పనిచేసే చేపల పడవ దగ్గరికే వస్తారట. నీ మొండితనం అక్కడ చూపించకు.

టెస్సీ బాగుంది. నువ్వు పంపిన పొగబెట్టిన సాల్మన్ చేప నాకు ముక్క కూడా మిగల్చలేదు.

ఉంటాను,
ఒమా

ఆరెగాన్
మార్చి 20

ఒమా,

ఒక్క డాలరూ కట్టలేదా? నెలనెలా టెస్సీకి పంపిన మేజోళ్ళలో మడిచి పెట్టిన మనీ ఆర్డర్లు ఏమైనట్టు? కోర్టు కాగితం రేవులో అందరి ముందూ నా చేతికిచ్చారు. పిల్లను గాలికొదిలేసినవాణ్ణి చూసినట్టు చూశారు నన్ను. తల కొట్టేసినట్టయింది.

కోర్టులో గుమాస్తా డబ్బు తీసుకునే కిటికీలో కడితే నెలకు యాభై నీకిచ్చి మిగతాది రాష్ట్రం ఉంచుకుంటుందని మా పడవ వంటాయన చెప్పాడు. అందుకే నేరుగా పంపాను. నా కూతురికి నేనిచ్చేది గుమాస్తా చేతుల మీదుగా ఎందుకెళ్ళాలి?

రసీదులన్నీ పొగాకు డబ్బాలో దాచాను. ఏప్రిల్ ఇరవై రెండున జడ్జి బల్ల మీద కుమ్మరిస్తాను. నువ్వు దిగులు పడకు. నీ మీద కోపం లేదు. ఉందేమో, కొంచెం.

డెల్మర్

కెంటకీ
ఏప్రిల్ 2

ప్రియమైన డెల్మర్,

కొంచెమేనా? నయమే.

రసీదులు చూపించు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా గురించి ఆలోచించకు, నాకేం కాదు.

చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళు. ఆ నీలం గళ్ళది వద్దు, దాంట్లో నిన్ను చూస్తే జడ్జికి జాలి బదులు నవ్వొస్తుంది. బంగాళాదుంపలు నాటాం. టెస్సీ ఒక వరుసకు నీ పేరు పెట్టింది. వంకర వరుసకే.

ఒమా

ఆరెగాన్, జిల్లా జైలు
ఏప్రిల్ 23

ప్రియమైన ఒమా,

పైన జైలు అని చూసి కంగారుపడకు. అన్నం పెడుతున్నారు, దుప్పటి ఇచ్చారు.

కోర్టు నాకిచ్చిన లాయరమ్మ రసీదులు చూసి ఒకటే అడిగింది. "ఈ డబ్బు సంగతి ఆమె సంక్షేమ ఆఫీసులో చెప్పిందా?"

"ఏమో, ఎందుకు చెప్పాలి?" అన్నాను.

"చెప్పకపోతే సహాయం తీసుకుంటూ రాబడి దాచినట్టే కదయ్యా. నువ్వు చూపించే రసీదులే ఆమె మీద సాక్ష్యం. జైలు కూడా పడొచ్చు" అంది.

సహాయం కోసం నెలనెలా నువ్వొక ఫారం నింపాలని కూడా ఆవిడే చెప్పింది. అందులో 'ఇతర రాబడి' గడిలో నువ్వు సున్నా రాసి ఉంటావని నాకు తెలుసు. 'నాకేం కాదు' అని ఎందుకు రాశావో కూడా అప్పుడు అర్థమైంది. నన్ను కాపాడ్డానికి నువ్వు లోపలికి వెళ్తే టెస్సీ ఎవరి దగ్గరుంటుంది?

కోర్టు మరుగుదొడ్లో రసీదులన్నీ చింపి నీళ్ళు వదిలేశాను. "పిల్లకు ఏమైనా పంపావా?" అని జడ్జి అడిగితే "లేదండి" అన్నాను. అరవై రోజులు వేశాడు. మే నెల వేటకు పడవ నన్ను వదిలేసి వెళ్తుంది. పోనీలే. టెస్సీకి మాత్రం నాన్న సముద్రం మీద ఉన్నాడని చెప్పు.

ఆ నీలం గళ్ళదే వేసుకున్నాను. ఇంకోటి లేదు.

నీ
డెల్మర్

కెంటకీ
ఏప్రిల్ 29

ప్రియమైన మూర్ఖుడా,

నీ మార్చి ఉత్తరం అందాక వచ్చిన సోమవారమే టెస్సీ బూట్ల పెట్టె చంకన పెట్టుకుని ఆ సంక్షేమ ఆఫీసుకు వెళ్ళాను. మేజోళ్ళలో డబ్బుతో పాటు నువ్వు పెట్టిన చీటీలన్నీ అందులోనే ఉన్నాయి. 'అరవై ఉంది, పిల్లకు బూట్లు కొను.' 'ఈ నెల నలభయ్యే, వల చిరిగింది.' ఒక్కటీ పారేయలేదు. ఎందుకు పారేయలేదో అడగకు.

అక్కడ కూర్చునే ఆవిడ ముందు అవన్నీ పోసి, రెండేళ్ళుగా దాచానని చెప్పాను. ఆవిడ అన్నీ చదివింది. పై అధికారిని అడిగొచ్చి, కేసు పెట్టడం లేదంది. ఎక్కువ తీసుకున్నది తీరేదాకా నా చెక్కులో నెలకు ఇరవై డాలర్లు కోస్తారు. నా చేత ప్రమాణ పత్రం రాయించి, చీటీల నకళ్ళు జతచేసింది.

ఆ కాగితం మా రాజధానికి, అక్కణ్ణించి మీ రాజధానికి, ఆ తరవాత మీ జిల్లాకు వెళ్ళింది. నీ వాయిదా అయిపోయిన ఐదో రోజున చేరింది.

'నాకేం కాదు' అన్నది నిజంగానే అన్నాను. అప్పటికే వెళ్ళొచ్చాను. చెబితే ఎందుకెళ్ళావని తగువు పెట్టుకుంటావని చెప్పలేదు. అది నా తప్పు. నా మాటను నువ్వు త్యాగం అనుకుంటావని నాకెలా తెలుస్తుంది?

నీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ళూ నీ మీద పెంచుకున్న కోపం ఎక్కడుందా అని వెతికాను, దొరకలేదు.

నిన్న మీ కోర్టు గుమాస్తా ఫోన్ చేసింది. వచ్చే వారం శుక్రవారం జడ్జి నిన్ను మళ్ళీ పిలుస్తారట. ఈసారి నిజం చెప్పు. చీవాట్లు పెడితే తల వంచుకుని తిను. ఆ డబ్బు బాకీలో జమ కడతారో లేదో తెలియదు. పిల్లను పస్తు పెట్టినవాడివి కాదని మాత్రం కాగితం మీద ఉంది. ఆయన వదిలేస్తే పడవ అందుకోవచ్చు.

టెస్సీకి సముద్రం కథ చెప్పలేదు. ఉన్నదే చెప్పాను. వెళ్ళి వంకర వరుసకు నీళ్ళు పోసొచ్చింది.

ఇకమీదట డబ్బు కోర్టు కిటికీలోనే కట్టు. చేప మాత్రం నేరుగా పంపు. సంక్షేమ ఆఫీసు ఆవిణ్ణి అడిగాను. ఫారంలో చేపకు గడి లేదంది.

నీ
ఒమా