నీ ఎత్తులోనే కోల

వదినా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. పొద్దున అన్న నీ ఫొటోకు దండ వేశాడు. సాయంత్రం నేను కోలాటానికి వెళ్లాను.

"మోకాళ్లకు ఎన్నాళ్లని నూనె రాస్తవ్? వచ్చి ఆడు" అని నన్ను సమాజ్ మందిరానికి గుంజుకుపోయింది నువ్వే కదా. ఇప్పుడు ఆ నొప్పి లేదు. కింద కూర్చుని, చేయి ఆనించకుండా లేస్తున్నాను.

కానీ నువ్వు పోయాక నాకు జోడీ లేదు. ఇన్నాళ్లూ ఓ పక్కన నిలబడి నా రెండు కోలలూ నేనే కొట్టుకున్నాను. ఇవాళ కమలాపూర్ నుంచి మన ఊరి దవాఖానకు బదిలీ మీద వచ్చిన నర్సమ్మను నా ఎదురుగా నిలబెట్టారు. పొడుగు మనిషి. నువ్వేమో నా భుజం దాకా వచ్చేదానివి. పాట మొదలుకాగానే నా కోల వెళ్లి ఆమె వేళ్లకు తగిలింది.

"జర పైకి కొట్టక్కా" అంది నవ్వుతూ.

సరేనన్నాను. మళ్లీ కిందికే పోయింది. చూసి కొట్టినా అంతే.

"ఏందే, ఏమైంది నీకు?" అని పాట చెప్పే పెద్దమ్మ కేకేసింది. నా చేయి నా మాట వినడం లేదు.

చివరికి నర్సమ్మే, "పోనీ, నువ్వు అట్లనే కొట్టు. నేనే వంగుత" అంది. ఎవరి ఎత్తుకు వంగుతోందో ఆమెకు తెలియదు. కోలలు ఠక్కున కలిశాయి, నువ్వున్నప్పటిలాగే.

పాట అయ్యేదాకా ఆమె వంగే ఆడింది. తర్వాత గోడకు ఆనుకొని మోకాళ్లు రుద్దుకుంటూ, "నూనె రాస్తే పోతదిలే అక్కా" అంది.

రేపూ వస్తుందట. రేపైనా నా చేయి పైకి లేస్తుందో లేదో, వదినా.