ఎర్ర తువ్వాలుకి ఆగిన గూడ్సు

బావా,

అచ్యుతాపురం ఫ్యాక్టరీలో డ్యూటీకెళ్లి నువ్వు పోయి ఏడాదైందని ఈ పొద్దున్నే కెమెరా పట్టుకుని శారదా నది వంతెన దగ్గరికెళ్లాను. కొండల ముందు వంతెన దాటుతున్న పాసింజరు, నీకు ఎన్నిసార్లు నిలబడినా కుదరని ఫొటో. ఈసారి మంచు కూడా చక్కగా పడింది.

అవతలి లైన్లో పాసింజరు కూత వినబడింది. ఇవతలి లైన్లో గూడ్సు వస్తోంది గానీ, అది ముందే వెళ్లిపోయేది. అంతలో పట్టాల పక్క చెరకు తోటలోంచి ఓ రైతు, తలకి చుట్టిన ఎర్ర తువ్వాలు విప్పి నాకేసి ఊపాడు.

"బాబూ, ఇటు రా! ఇక్కణ్ణించి బాగా వత్తాది!"

ఎరుపు కనబడితే డ్రైవరు బండి ఆపేస్తాడని, ఎర్ర చొక్కాతో వచ్చినందుకు నన్నోసారి ఇంటికి తరిమేశావు నువ్వు. ఈయనకెవరు చెప్పాలి? గూడ్సు కీచుమంటూ వచ్చి సరిగ్గా నా ముందే ఆగింది. దాని వెనకనుంచి పాసింజరు చప్పుడు మాత్రం వెళ్లిపోయింది. ఒళ్లు మండిపోయింది.

డ్రైవరు కిటికీలోంచి వంగి ఇద్దర్నీ తిట్టి, నా కెమెరా చూసి ఆగాడు.

"ఎప్పుడూ ఇద్దరుండీవోరు కదా? మాకు సెయ్యూపీవోడేడి?"

"అచ్యుతాపురం డ్యూటీకెళ్లేడు," అన్నాను.

"అడిగేనని సెప్పు," అన్నాడు.

అడిగాడు బావా.