నీళ్లలో నా జత

అమ్మా,

నేను కులాసా, బెంగపడకు. ఇక్కడ చేపల్ని చూడ్డానికి సముద్రంలో మునిగేవాళ్లని ఒంటరిగా దిగనివ్వరు, ఇద్దరిద్దరిని జత కలుపుతారు. నిన్న నాకు జతపడిన ఫోటోల పిచ్చాయన చేపల వెంటపడి, వెనక్కి తిరిగైనా చూడకుండా వెళ్లిపోయాడు. నీళ్లలో ఒక్కదాన్నే మిగిలేసరికి భయమేసి పైకొచ్చేశాను. మొహమాటం వదిలి వేరే జత కావాలని గైడుని అడిగాను.

"నాతో రా అమ్మాయ్. నత్తలా ఈదుతాను, పర్వాలేదా?" అంది మా గుంపులోని నర్సమ్మ.

ఈరోజు నా ఈత కళ్లద్దాల్లోకి నీళ్లు చేరితే, అవి పోయేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. తర్వాత ఇద్దరం ఓ ముసలి తాబేలు పక్కనే తీరిగ్గా ఈదాం.

నాన్న కంట్లో చుక్కలు వేసుకుంటున్నారా? వంటింటి కుళాయి బాగుచేయించావా? నా మొక్కలకు తమ్ముడి చేత నీళ్లు పోయించు.

రేపటికి కూడా నన్నే జత వెయ్యమని నర్సమ్మ తనే అడిగిందట. నాన్నకు నమస్కారాలు, తమ్ముడికి ముద్దులు.

నీ పెద్దమ్మాయి